కటాఫ్ తిప్పినా ఇంజన్ ఆగట్లేదు - ఎస్టీమ్ రేస్ కారు, హెల్ప్ కావాలి

ఎస్టీమ్_1298:
అందరికీ నమస్తే. పాత ఎస్టీమ్ ఒకటి తీసుకుని రేస్ కారు చేస్తున్న, మేడ్చల్ దగ్గర ఫ్రెండ్ షెడ్‌లో. రోల్ కేజ్ (బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే పైపుల చట్రం) వెల్డింగ్ అయిపోయింది, సీటు బెల్టులు బిగించిన, బ్యాటరీని ముందు నుంచి తీసి పక్క సీటు ఉండే చోట ఫ్లోర్ మీద బాక్స్‌లో పెట్టిన. మాస్టర్ కటాఫ్, అంటే కారు కరెంటంతా ఒక్కసారే ఆపే స్విచ్, అది కూడా పెట్టిన. ఎర్ర ప్లాస్టిక్ తాళంచెవి లాంటిది ఉంటది చూడండి, రెండు బోల్టులది, అది. బ్యాటరీ ప్లస్ కేబుల్ మధ్యలో కోసి దానికి కలిపిన.

ప్రాబ్లం ఏంటంటే ఇంజన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు తిప్పితే లైట్లు హారన్ అన్నీ పోతున్నయి, మంచిగ పనిచేస్తున్నది. ఇంజన్ నడుస్తున్నప్పుడు తిప్పితే మాత్రం ఏం కాట్లేదు, ఇంజన్ అట్లనే నడుస్తున్నది, హెడ్‌లైట్ కొంచెం ఎక్కువ వెలుగుతున్నది కూడా. స్విచ్ డూప్లికేట్ ఏమో అని ఇంకోటి తెచ్చి పెట్టిన, అదీ సేమ్. వచ్చే నెల చెన్నై ట్రాక్‌లో టెస్టింగ్ ఉన్నది, అక్కడ స్క్రూటినీలో (ట్రాక్ ఎక్కేముందు చేసే చెకింగ్) ఇంజన్ ఆన్‌లో పెట్టి తిప్పి చూస్తరంట. ఎక్కడ తప్పు చేస్తున్ననో చెప్పండి అన్నలు.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్:
తమ్ముడూ రెండు స్విచ్‌లూ మంచివే, నీ బండిని నడిపిస్తోంది డైనమో. అదే మీరు ఆల్టర్నేటర్ అంటారే అది. సెల్ఫ్ మోటర్ పెద్ద బోల్టు దగ్గర చూడు, బ్యాటరీ నుంచి వచ్చే కేబులూ డైనమో నుంచి వచ్చే లావు వైరూ ఫ్యూజ్ బాక్సుకి పోయే వైరూ ఒకే చోట కలుస్తాయి. నువ్వు కోసింది బ్యాటరీ కేబుల్ ఒక్కటే. ఇంజన్ తిరిగినంతసేపు డైనమో కరెంటు ఇస్తూనే ఉంటుంది, ఆ కరెంటుతోనే కాయిలూ పెట్రోలు పంపూ నడుస్తాయి, అవి నడుస్తుంటే ఇంజన్ తిరుగుతుంది, ఇంజన్ తిరిగితే మళ్ళీ డైనమో... ఇక ఆగేదెక్కడ. వెనకటికి బ్యాటరీ చచ్చిపోయిన అంబాసిడర్‌ని నలుగురం తోసి స్టార్ట్ చేసి ఊరి దాకా తోలుకొచ్చేవాళ్ళం, అదే లెక్క.

ముందు ఒక్క మాట విను. సరిచేసేదాకా ఇంజన్ నడుస్తుండగా ఆ స్విచ్ ఇంకోసారి తిప్పబాక. ఈసీయూ, అదే ఇంజన్ని నడిపే కంప్యూటర్, పోతుంది.

టెక్సాస్_మియాటా:
పైన అన్న చెప్పిన లాస్ట్ లైన్ దయచేసి సీరియస్‌గా తీసుకో బ్రో. నేను డాలస్‌లో ఉంటాను, వీకెండ్స్‌లో పాత మాజ్దా మియాటా కారు రేస్ చేస్తుంటాను, ఫస్ట్ ఇయర్ నేను కూడా అచ్చం నీలాగే రెండు బోల్టుల స్విచ్ పెట్టా. మూడోసారి టెస్ట్ చేసినప్పుడు ఇంజన్ ఆగింది, హమ్మయ్య అనుకున్నా, కానీ మళ్ళీ స్టార్ట్ కాలేదు. ఈసీయూ విప్పి చూస్తే లోపల ఒక చిన్న పార్ట్ నల్లగా పగిలి ఉంది, చేపల బజారు వాసన. మొత్తం రెండు వారాలు, ఒక రేస్ వీకెండ్ పోయాయి. తప్పు స్విచ్‌ది కాదు, కనెక్షన్ నేనిచ్చిందే.

బాజా_కాకినాడ:
ఈసీయూని కాల్చేది స్పైక్, అంటే ఒక్కసారిగా పైకి లేచే వోల్టేజ్. అది ఎందుకొస్తుందో చెప్తాను, కాలేజీలో ఆసిలోస్కోప్ పెట్టి కళ్ళారా చూశాం కాబట్టి. ఆల్టర్నేటర్ లోపల తిరిగే కాయిల్‌కి ఫీల్డ్ కరెంట్ ఉంటుంది, అది ఒక్కసారిగా తగ్గదు, కాస్త టైం పడుతుంది. బ్యాటరీ ఉన్నంతసేపు ఎక్కువైన కరెంటుని అది మింగేస్తుంది, వోల్టేజ్ 14 దగ్గరే నిలబడుతుంది. బాగా చార్జ్ అవుతున్న టైంలో బ్యాటరీని తీసేశామనుకోండి, ఆ కరెంటుకి పోయే దారి లేక వోల్టేజ్ పైకి తన్నుకుపోతుంది. దీన్నే లోడ్ డంప్ అంటారు. 12 వోల్టుల బండ్లలో పార్టులు తట్టుకుంటాయా లేదా అని చూసే ఐఎస్ఓ టెస్టులో, అడ్డుకునే డయోడ్లు లేని సిస్టమ్‌కి పెట్టిన లెక్క 79 నుంచి 101 వోల్టులు, అదీ 40 నుంచి 400 మిల్లీసెకన్ల పాటు. కొత్త ఆల్టర్నేటర్లలో దీన్ని 35 వోల్టుల దగ్గర ఆపే జీనర్ డయోడ్లు ఉంటాయి, పాత బండిలో ఉన్నాయో లేదో నమ్మలేం. మామూలు మీటర్‌లో ఇది కనపడదు, మీటర్ కళ్ళు తెరిచేలోపే అయిపోతుంది.

ఇంకోటి. మేం కాలేజీ పోటీకి బాజా బండి (చిన్న ఆఫ్‌రోడ్ బండి) చేసినప్పుడు బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్, మాగ్నెటో ఇగ్నిషన్, దానికి బ్యాటరీతో పనేలేదు. అక్కడ కిల్ స్విచ్ నొక్కితే వైరు ఎర్త్‌కి *కలుస్తుంది*, స్పార్క్ ఆగుతుంది. కారులో కాయిల్ వైరు *విడిపోతే* ఆగుతుంది. మా జూనియర్ ఒకడు ఈ రెండూ కలగాపులగం చేసి కారు కాయిల్ ఫీడ్‌ని ఎర్త్ చేసేశాడు, ఫ్యూజ్ ఎగిరింది కాబట్టి సరిపోయింది. బైకుల వైరింగ్ చూసి నేర్చుకున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎస్టీమ్_1298:
ఇప్పుడు సమజైంది అన్నలు. నేను ఇప్పటికి ఆరేడు సార్లు తిప్పిన, ఈసీయూ ఇంకా బతికే ఉన్నది. మరి ఆల్టర్నేటర్ లావు వైరు తెచ్చి స్విచ్‌కి బ్యాటరీ వైపు బోల్టుకే కలిపితే? స్విచ్ ఆఫ్ చేస్తే ఆల్టర్నేటర్ బ్యాటరీకి చార్జ్ ఇచ్చుకుంటది, కారుకి ఏం రాదు, ఇంజన్ ఆగుతది. స్పైక్ కూడా రాదు కదా?

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్:
బాగా ఆలోచించావు. ఖర్చు లేని పద్ధతి, నేనైతే అదే చేస్తాను. బ్యాటరీ డైనమో ఎప్పుడూ విడిపోవు కాబట్టి స్పైక్ మాటే లేదు. ఆ వైరుకి బ్యాటరీ దగ్గర మాత్రం మంచి ఫ్యూజ్ వెయ్యి.

టెక్సాస్_మియాటా:
నేను రెండోసారి చేసింది ఇదే. ఇక్కడ క్లబ్ రేసుల్లో చాలామంది ఇలాగే చేస్తారు. అయితే డ్రాగ్ రేసింగ్ వాళ్ళ రూల్ వేరు, బ్యాటరీ వెనక్కి జరిపితే కటాఫ్ కారు వెనక భాగంలో ఉండాలి, ప్లస్ వైపే కట్ చెయ్యాలి, ఇంజన్ సహా అంతా ఆగాలి. కాబట్టి నువ్వు ఏ రేస్ ఆడుతున్నావో ఆ రూల్ బుక్ చదివాకే వైరు కొయ్యి.

మార్షల్_నెల్లూరు:
నేను ఇరుంగాట్టుకోట్టైలో, అదే చెన్నై ట్రాక్‌లో, మార్షల్‌గా (ప్రమాదమైతే కారు దగ్గరికి పరిగెత్తే ట్రాక్ సిబ్బంది) చేస్తుంటాను, అందుకని ఈ పద్ధతి వద్దని చెప్పడానికే లాగిన్ అయ్యాను. ఆటోనగర్ అన్న అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ మాట రోడ్డు బండికి సరిపోతుంది. రేస్ కారులో ఆలోచించండి, నీ బ్యాటరీ లోపల సీటు పక్కన, ఆల్టర్నేటర్ ముందు బెల్టు దగ్గర. మధ్యలో ఆ లావు వైరు బల్క్‌హెడ్ (ఇంజన్‌కీ కారు లోపలికీ మధ్య ఉండే రేకు గోడ) దాటి పోతుంది. మేము కటాఫ్ లాగిన తర్వాత కూడా దాంట్లో కరెంటు ఉంటుంది. మరి కారు ముందు గోడకి కొడితే ముందు నలిగేది ఎక్కడ? అక్కడే.

ఒకసారి గ్రావెల్‌లో బోర్లాపడిన కారు దగ్గరికి పరిగెత్తాం. డ్రైవర్ బెల్టుల్లో తలకిందులుగా వేలాడుతున్నాడు, స్పృహలోనే ఉన్నాడు. పెట్రోలు చుక్కలు చుక్కలుగా సీటు పక్కన పడుతున్నాయి. ఇంజన్ అయితే ఆగింది కానీ వెనక నుంచి పంపు శబ్దం జుయ్ మని వస్తూనే ఉంది. కటాఫ్ హ్యాండిల్ కోసం చూస్తే కనపడలేదు, స్పాన్సర్ స్టిక్కర్ వేసేటప్పుడు కటాఫ్ ఎక్కడుందో చూపే నీలం త్రికోణం మీద కూడా వేసేశారు, పైగా కారు తిరగబడి ఉంటే కుడి ఎడమలు మనసుకి తట్టవు. చేత్తో తడుముతూ వెతికి లాగాం. ఆ పంపు చప్పుడు ఆగిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది, అది ఆగేదాకా ఎవరం గట్టిగా ఊపిరి పీల్చలేదు. డ్రైవర్ క్షేమంగా బయటికొచ్చాడు.

మాకు కావలసింది ఒకటే తమ్ముడూ. లాగితే కారంతా చచ్చిపోవాలి. ఒక్క వైరు కూడా మిగలకూడదు.

హార్నెస్_కోయంబత్తూర్:
మార్షల్ గారు చెప్పిందే కరెక్ట్. నేను కోయంబత్తూరులో రేస్ కార్లకి వైరింగ్ కిట్లు చేస్తాను, సొంతూరు చిత్తూరు. ప్రపంచ మోటర్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ రూల్స్, అపెండిక్స్ జేలో ఉన్న మాట కూడా అదే, జనరల్ సర్క్యూట్ బ్రేకర్ (అంటే ఈ కటాఫే) బ్యాటరీ, ఆల్టర్నేటర్, లైట్లు, హారన్, ఇగ్నిషన్ అన్నిటినీ కట్ చేయాలి, ఇంజన్ని కూడా ఆపాలి, కారు లోపల నుంచీ బయట నుంచీ అందాలి, స్పార్క్ రాని రకం అయ్యుండాలి. నీకు కావలసింది ఆరు టెర్మినళ్ళ స్విచ్. రెండు బోల్టులది ఈ పనికి పుట్టలేదు.

ఆరులో రెండు లావు బోల్టులు. ఒకదానికి బ్యాటరీ ప్లస్ ఒక్కటే. రెండోదానికి కారంతా, అంటే సెల్ఫ్, ఫ్యూజ్ బాక్స్, ఆల్టర్నేటర్ లావు వైరు.

చిన్నవి నాలుగు ఉంటాయి, డబ్ల్యూ అని రెండు, జెడ్ అని రెండు. డబ్ల్యూ జత స్విచ్ ఆన్‌లో కలిసి ఉంటుంది, ఆఫ్ చేస్తే విడిపోతుంది. ఇగ్నిషన్ కీ నుంచి కాయిల్‌కీ ఈసీయూకీ పోయే వైరుని దీంట్లోంచి తీసుకెళ్ళాలి. ఆల్టర్నేటర్ ఎంత కరెంటు ఇస్తున్నా సరే ఇక్కడ ఇగ్నిషన్ తెగిపోతుంది కాబట్టి ఇంజన్ ఆగుతుంది. చిన్న కాంటాక్టులు కదా, మొత్తం లోడ్ వాటి మీద వేయకుండా ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్) పెట్టి రిలే కాయిల్ మాత్రం దీంట్లోంచి పంపితే ఇంకా మంచిది, నేను అలాగే చేస్తాను.

జెడ్ జత దీనికి తిరగేసి. ఆన్‌లో విడిగా, ఆఫ్ చేస్తే కలుస్తుంది. ఒక జెడ్ కారు వైపు లావు బోల్టుకి, ఇంకో జెడ్ నుంచి 3 ఓమ్, 11 వాట్ రెసిస్టర్, అక్కడ్నుంచి బాడీ ఎర్త్. బ్యాటరీ విడిపోయిన ఆ క్షణంలో ఆల్టర్నేటర్ కరెంటుకి పోవడానికి ఒక దారి ఇస్తాం అన్నమాట, బాజా తమ్ముడు చెప్పిన స్పైక్ ఈసీయూ మీదికి పోకుండా.

కొందరు డబ్ల్యూలోంచి ఆల్టర్నేటర్ ఐజీ వైరు (కీ నుంచి ఆల్టర్నేటర్‌కి పోయే చిన్న వైరు) ఒక్కటే తీసి చాలనుకుంటారు, దాని మీదే ఆధారపడొద్దు. చాలా ఆల్టర్నేటర్లు ఒకసారి లేచాక తమ కరెంటుతో తామే ఫీల్డ్ నిలబెట్టుకుంటాయి, చిన్న వైరు తీసినా చార్జింగ్ ఆగదు. తెగాల్సింది ఇగ్నిషనే.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్:
ఒప్పుకుంటున్నానండీ. గుద్దిన తర్వాత ఆ వైరు సంగతి నేను ఆలోచించలేదు. తమ్ముడూ కోయంబత్తూరు అక్క చెప్పినట్టే చెయ్యి.

కేబుల్ గురించి నేను చెప్తా. బ్యాటరీ లోపలికి వచ్చింది కాబట్టి 25 స్క్వేర్ ఎంఎం తగ్గకుండా, వీలైతే 35 వెయ్యి. కేబుల్ చివర బిగించే లగ్గులు సుత్తితో కొట్టి నొక్కబాక, హైడ్రాలిక్ క్రింపర్ ఉన్న షాపుకి తీసుకెళ్ళు. బల్క్‌హెడ్ రంధ్రంలో రబ్బరు గ్రామెట్ లేకుండా కేబుల్ పంపితే ఆ రేకు అంచు కత్తిలా కోసేస్తుంది, రేస్ కారు వైబ్రేషన్‌కి నెల కూడా పట్టదు.

ఎస్టీమ్_1298:
ఆరు టెర్మినళ్ళది ఆర్డర్ పెట్టిన, రెసిస్టర్ దాంతోనే వస్తున్నది. వచ్చినంక ఫొటోలు పెడుతా. అక్కా థాంక్స్, ఇంత ఓపికగా ఎవ్వరు చెప్పలే.

ఎస్టీమ్_1298:
వారం తర్వాత అప్‌డేట్. స్విచ్ పెట్టిన, కనెక్షన్లు అన్నీ ఇచ్చిన. నిన్న రాత్రి స్విచ్ ఆఫ్ చేసి షెడ్ మూసి పక్కనే టీ తాగడానికి పోయిన, పది నిమిషాలకి వస్తే ఏదో కాలుతున్న వాసన. చూస్తే ఆ తెల్ల రెసిస్టర్ గోధుమరంగు తిరిగింది, దాని కింద పెయింట్ బుడగలు వచ్చినయి, చేయి దగ్గర పెడితేనే సెగ. వెంటనే బ్యాటరీ టెర్మినల్ పీకేసిన. స్విచ్ ఆఫ్‌లోనే ఉన్నది అక్కా! ఫొటో పెట్టిన, చూడండి.

హార్నెస్_కోయంబత్తూర్:
ఫొటోలో ఎడమ లావు బోల్టు చూడు. జెడ్ వైరు *బ్యాటరీ* వైపు బోల్టుకి ఉంది. అందుకే. ఆఫ్ చేయగానే జెడ్ కలుస్తుంది, బ్యాటరీ నుంచి నేరుగా రెసిస్టర్, అక్కడ్నుంచి ఎర్త్. 12 వోల్టులు, 3 ఓమ్‌లు, 4 ఆంప్స్ ఆగకుండా పోతుంది. అంటే 48 వాట్లు, 11 వాట్ల రెసిస్టర్‌లో. నువ్వు టీకి కాకుండా ఇంటికి పోయుంటే పొద్దున్నకి బ్యాటరీ డెడ్, లేదా ఇంకా పెద్ద నష్టం. ఆ వైరుని కుడి బోల్టుకి మార్చు, కారు వైపుకి. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ వైపు కరెంటే ఉండదు కాబట్టి రెసిస్టర్ చల్లగా ఉంటుంది.

రెసిస్టర్ కొత్తది వెయ్యి, ఇది వాడొద్దు. రేకు మీద బిగించు, పెట్రోలు పైపుకీ వైరింగ్‌కీ దూరంగా.

బాజా_కాకినాడ:
కరెక్టుగా పెట్టినా ఆల్టర్నేటర్ 14 వోల్టులు ఇస్తుంటే అందులో 65 వాట్లు పోతాయి, కానీ ఇంజన్ ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది కాబట్టి తట్టుకుంటుంది. అంటే డబ్ల్యూ సరిగ్గా లేకపోతే, ఇంజన్ ఆగకపోతే, మళ్ళీ ఇదే కథ. రెండూ ఒకదానికొకటి తోడు.

ఎస్టీమ్_1298:
మార్చిన. రెసిస్టర్ చల్లగ ఉన్నది, గంట చూసిన. మీరు చెప్పకపోతే షెడ్ తగలబడేది.

టెక్సాస్_మియాటా:
గుడ్. ఇప్పుడు టెస్ట్ ఆర్డర్ చెప్తాను. మొదట ఇంజన్ ఆఫ్, కీ ఆన్, కటాఫ్ ఆఫ్, కారు వైపు బోల్టుకీ బాడీకీ మధ్య మీటర్ పెట్టు, సున్నా రావాలి. బ్రేక్ లైటు, ఫ్యాన్, హారన్ అన్నీ ఒక్కొక్కటిగా చూడు, స్టీరియో మెమరీ కోసం అప్పట్లో ఎవరో వేసిన వైరు ఒకటి పాత కార్లలో తప్పకుండా దొరుకుతుంది. తర్వాత ఐడిల్‌లో, లైట్లు ఆన్ చేసి తిప్పు. అది బాగుంటేనే 3000 ఆర్‌పీఎం.

హార్నెస్_కోయంబత్తూర్:
రేడియేటర్ ఫ్యాన్ కూడా చూసుకో. స్విచ్ ఆఫ్ చేశాక ఫ్యాన్ ఊపుకి తిరుగుతుంటే అదే చిన్న డైనమోలా కరెంటు వెనక్కి పంపుతుంది, ఒక కారులో దానివల్లే ఇంజన్ ఆగడానికి ఇంకో క్షణం పట్టడం చూశాను. రిలేతో ఇగ్నిషన్ విడిగా తెగుతుంటే ఇబ్బంది ఉండదు. బడ్జెట్ ఉన్నవాళ్ళు కార్టెక్ లాంటి ఎలక్ట్రానిక్ ఐసొలేటర్ పెట్టుకోవచ్చు, లోపల బయట చిన్న బటన్లు చాలు, లాగే కేబుల్ ఉండదు. ఖరీదు ఎక్కువ. ఈ కారుకి మెకానికల్ స్విచ్ చక్కగా సరిపోతుంది.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఎలక్ట్రికల్‌ది అయితే దాన్ని మాత్రం ఈ స్విచ్ కింద పెట్టకూడదు, దానికి సొంత బ్యాటరీ ఉండాలి. అన్నీ చచ్చిపోయినప్పుడే కదా దాని పని.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్:
సెల్ఫ్ కొట్టేటప్పుడు స్విచ్ రెండు లావు బోల్టుల మధ్య మీటర్ పెట్టు తమ్ముడూ. 0.2 వోల్టు దాటితే లోపల కాంటాక్టో లగ్గో బాగాలేదని.

ఎస్టీమ్_1298:
పాత ఎర్ర చెవి స్విచ్‌ని కూడా పెట్టి చూసిన అన్నా, అది 0.9 చూపించింది, పట్టుకుంటే వెచ్చగ అయ్యింది. కొత్తది 0.12. అందుకే మొదట్ల సెల్ఫ్ బరువుగా తిరిగేది కావచ్చు, బ్యాటరీ మీద అనుమానపడ్డ.

కీ ఆన్ టెస్టులో మియాటా అన్న చెప్పినట్టే ఒక వైరు దొరికింది, డోర్ లైటుది, బ్యాటరీ బోల్టుకి డైరెక్ట్‌గా ఉన్నది. తీసేసిన. ఐడిల్‌లో తిప్పితే టక్కున ఆగింది. 3000లో కూడా ఆగింది. మళ్ళా స్టార్ట్ అయ్యింది, చెక్ ఇంజన్ లైటు ఏం లేదు. పంపు దగ్గర చెవి పెట్టి విన్న మార్షల్ అన్నా, ఒక్క శబ్దం లేదు.

మార్షల్_నెల్లూరు:
మంచి మాట చెప్పావు. ఇప్పుడు మిగిలింది బయట హ్యాండిల్. అద్దం కింది మూలలో, డ్రైవర్ వైపు పెట్టు, నీలం త్రికోణం అడుగు 12 సెంటీమీటర్లకి తగ్గకూడదు, తెల్ల అంచు, మధ్యలో ఎర్ర మెరుపు గుర్తు. దాని మీద ఇంకే స్టిక్కరూ రానివ్వొద్దు. లోపలిది నువ్వు బెల్టులు పూర్తిగా బిగించుకుని, హెల్మెట్ పెట్టుకుని, సీట్లోంచి వీపు కదపకుండా అందుకోగలగాలి. ఒకసారి కూర్చుని చూసుకో, రేస్ రోజు కాదు, ఇవాళే.

బయట రింగ్ ఫొటో పెట్టు. మా చేతికి లావు గ్లోవ్స్ ఉంటాయి.

ఎస్టీమ్_1298:
వెల్డింగ్ గ్లోవ్స్ వేసుకుని లాగి చూసిన అన్నా. రింగ్‌లో వేలు దూరలేదు. షెడ్‌లో ఫ్రెండ్‌ని పిలిచి ఏం చెప్పకుండా నువ్వు లాగు అన్న, వాడికీ రాలేదు, రెండుసార్లు జారింది. ఇంకో మాట, కేబుల్ అవుటర్ పదునుగా వంగి ఉన్నది, లాగితే బిగుసుకుంటున్నది. పెద్ద రింగ్ తెచ్చిన, రెండు వేళ్ళు దూరుతున్నయి, కేబుల్ దారి మార్చి పెద్ద వంపు ఇచ్చిన. ఇప్పుడు ఒక్క గుంజుకి వస్తున్నది. లోపలి హ్యాండిల్ మాత్రం బెల్టులు బిగిస్తే నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోతున్నది, బ్రాకెట్ చేసి ముందుకి తెస్తున్న, రేపు అయిపోతది.

మార్షల్_నెల్లూరు:
కేబుల్ లోపల కొంచెం గ్రీజు పెట్టు, వానాకాలం షెడ్‌లో ఉంటే తుప్పు పట్టి ఇరుక్కుంటుంది. చెన్నై వచ్చినప్పుడు స్క్రూటినీ బే దగ్గర నన్ను అడుగు, మనిద్దరం కలిసి ఒకసారి లాగి చూద్దాం.